బండికి ర్యాంపు, అమ్మకు కడ్డీ



కొత్తపేటలోనో, చైతన్యపురిలోనో, సరూర్‌నగర్‌లోనో ఏదైనా పాత కాలనీ వీధిలో పొద్దున్నే ఒకసారి నడిచి చూడండి. ప్రతి గేటు ముందూ ఒక ర్యాంపు ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో చాలా ఇళ్లు రోడ్డు కంటే పల్లానికి వచ్చేశాయి. అందుకని కొన్ని ర్యాంపులు బయటికి వాలి ఉంటాయి, కొన్ని లోపలికి. ర్యాంపు లేని ఇల్లు మాత్రం అరుదు. దాని మీద సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే మేస్త్రీ అడ్డంగా గీతలు కొట్టి ఉంటాడు. వానాకాలంలో కారు టైరు జారకూడదు కదా, అందుకు.

ఇప్పుడు అదే గేటు తీసుకుని లోపలికి రండి. నాలుగు మెట్లు. వాటి మీద నల్ల గ్రానైటు, ముఖం కనిపించేంత పాలిష్. పట్టుకోవడానికి ఏమీ లేదు. వాకిలి కడిగి ముగ్గు పెట్టిన తడి ఇంకా ఆరలేదు. ఆ మెట్ల మీది నుంచి డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దావిడ పాల ప్యాకెట్టు కోసం దిగుతోంది. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది, ఇంకో చేత్తో గోడ తడుముకుంటోంది.

టైరు జారకూడదని మనకు తోచింది. పాదం జారకూడదని తోచలేదు. నేను సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లకు పైగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ కాలనీల్లోనే ఇళ్లకు ప్లాన్లు గీశాను, దగ్గరుండి కట్టించాను. అలాంటి మెట్లు నేనూ వేయించాను. అందుకే ఈ నాలుగు మాటలూ చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలాలు. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే భూస్వామి నేల ప్లాట్లుగా మారింది, ఆయన పేరే ఊరి పేరయింది. ఆ తర్వాత నగరం తూర్పుకు పాకుతూ వచ్చింది. ఇక్కడి కాలనీల పేర్లు చదివితే చాలు, ఎవరు కట్టుకున్నారో తెలుస్తుంది. పీ అండ్ టీ కాలనీ, టెలిఫోన్ కాలనీ, వనస్థలిపురంలో ఎన్జీవోస్ కాలనీ. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, పాలమూరు నుంచి, కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు సొసైటీలో స్థలం కొనుక్కుని, ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసుకుని, పిల్లల చదువులకు దాచింది కొంత తీసి, ఒక్కో గది చొప్పున కట్టుకున్న ఇళ్లు ఇవి. స్థలం సాధారణంగా 200 గజాలు. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. గృహప్రవేశం నాటికి వాళ్లకు నలభై ఏళ్లు. ఇప్పుడు డెబ్భై అయిదు, ఎనభై. పిల్లలు హైటెక్ సిటీ అవతల అపార్ట్‌మెంట్లలో ఉన్నారు, లేదంటే అమెరికాలో. ఇంట్లో మిగిలింది ఇద్దరు, చాలాచోట్ల ఒక్కరే.

ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూశాం. అద్దెకు ఇవ్వడానికి పోర్షన్ వేరుగా వచ్చేలా చూశాం. బోరు ఎక్కడ, సంపు ఎక్కడ, స్కూటరు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఆలోచించాం. ఈ ఇంట్లోనే మనం ముసలివాళ్లం అవుతామన్నది ఒక్కటీ ప్లానులోకి రాలేదు. నా దగ్గరికి ప్లాను కోసం వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ మాట అడగలేదు. అడగకపోయినా నేను చెప్పి ఉండాల్సింది.

మా ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక దీపావళి పొద్దున. మా అమ్మకు అప్పుడు 76. మనవరాళ్లకు తలంటి, తానూ ఒంటికి నూనె రాసుకుని స్నానానికి వెళ్లింది. బాత్రూమ్‌లో తెల్లటి నున్నటి టైల్స్. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పోసుకున్న నీళ్లు, కుంకుడు నురగ, నూనె జిడ్డు. అమ్మ కాలు జారింది. జారినప్పుడు మనిషి చెయ్యి ఆలోచించదు, దగ్గర్లో ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అమ్మ చేతికి అందింది టవల్ రాడ్డు. తువ్వాలు బరువు మోయడానికి బిగించిన రాడ్డు మనిషి బరువు ఎక్కడ మోస్తుంది? ప్లాస్టిక్ బిరడాలతో సహా నాలుగు స్క్రూలూ ఊడి చేతిలోకి వచ్చాయి.

మేం పరుగెత్తాం. తలుపు లోపల గడియ. ఆ తలుపు లోపలికే తెరుచుకుంటుంది, అమ్మ సరిగ్గా దాని వెనకే పడి ఉంది. నెడితే అమ్మకు తగులుతుంది. నెట్టకపోతే లోపలికి పోయే దారి లేదు. చివరికి వెంటిలేటర్ పలకలు తీసి, పక్కింటి అబ్బాయిని లోపలికి దింపాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అమ్మ లోపలి నుంచి, "నాకేం గాలేదు బిడ్డా, మీరు పరేషాన్ గాకుండ్రి" అంటూనే ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఆ తలుపు ఎటు తెరుచుకోవాలో ప్లానులో గీసింది నేను.

ఆపరేషన్ అయ్యాక అమ్మ వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చింది. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. బాత్రూమ్‌కి రెండున్నర అడుగుల తలుపు అని రాస్తాం. అది చౌకట్టు బయటి కొలత. రెండువైపులా చెక్క మందం పోతే మిగిలేది పాతిక అంగుళాలు, అందులో తలుపు రెక్క కొంత తింటుంది. వాకర్ అందులో పట్టలేదు. చక్రాల కుర్చీ మాట చెప్పనే అక్కర్లేదు. బయట వాకర్ వదిలేసి, పక్కనెవరో పట్టుకుంటే తప్ప అమ్మ తన ఇంట్లో తాను బాత్రూమ్‌కి వెళ్లలేకపోయింది. జీవితమంతా ఎవరి చేత గ్లాసుడు మంచినీళ్లు కూడా తెప్పించుకోని మనిషి. కాలు నొప్పి కంటే అది ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

పెద్దవాళ్లు పడిపోవడం వయసుతో వచ్చే మామూలు సంగతని అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఏటా దాదాపు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులోనూ అరవై దాటినవాళ్లే ఎక్కువ. హెల్మెట్ పెట్టుకోమని కొడుక్కి రోజూ చెప్పే తల్లికి, నీ బాత్రూమ్ జాగ్రత్త అని చెప్పేవాళ్లు లేరు.

ఇంటిని సరిచేస్తే పడటం తగ్గుతుందా అని అడిగేవాళ్లుంటారు. న్యూజీలాండ్‌లో తరనాకీ అనే ప్రాంతంలో 800కు పైగా ఇళ్లను తీసుకుని పరీక్షించి చూశారు. కొన్ని ఇళ్లలో చిన్న మార్పులు చేశారు. మెట్లకు కడ్డీలు, బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, బయట లైట్లు, మెట్ల అంచులు కనిపించే పట్టీలు, జారని పూతలు, అంతే. మిగతా ఇళ్లను అప్పటికి అలాగే ఉంచారు. మార్పులు చేసిన ఇళ్లలో పడి దెబ్బలు తగలడం 26 శాతం తగ్గిందని 2015లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. గోడలు పడగొట్టలేదు, ఇల్లు మళ్లీ కట్టలేదు. ఒక మేస్త్రీ నాలుగు రోజుల్లో చేసే పని.

ఆ పనే మనం ఎక్కడ మొదలుపెట్టాలి? బాత్రూమ్‌లో. చేతిలో ఉన్న డబ్బు ఒక్క గదికే సరిపోతే ఆ గది అదే కావాలి.

ముందు నేల. దుకాణంలో పొడి చేత్తో తడిమి టైల్ కొనకండి. ఒక మగ్గు నీళ్లు అడిగి దాని మీద పోయించి, సబ్బు చేత్తో రుద్ది చూడండి. గరుకుగా ఉండే మ్యాట్ టైల్స్ అడగండి. పెద్ద పలకల కంటే చిన్నవి మేలు, మధ్యలో అతుకులు ఎక్కువ ఉంటే పాదానికి పట్టు దొరుకుతుంది. మన పాత ఇళ్లలో తాండూరు బండలు, షాబాద్ బండలు పరిచేవారు గుర్తుందా? పాలిష్ పట్టని ఆ బండ మీద తడికాలు ఇంత సులువుగా జారేది కాదు. మెరుపు కోసం మనమే వాటిని తవ్వి పారేసి నున్నటివి వేయించుకున్నాం. టైల్స్ మార్చే స్తోమత లేకపోతే కింద రబ్బరు గిన్నెలతో నేలకు అతుక్కునే చాప పరిస్తే చాలావరకు కాపాడుతుంది. పాత చీరలతో కుట్టిన పట్టా మాత్రం బాత్రూమ్ ముందు వేయకండి. నున్నటి నేల మీద దానంత జారేది ఇంకొకటి లేదు.

తర్వాత తలుపు. బయటికి తెరుచుకునేలా బందులు మార్పించండి, చోటు లేకపోతే పక్కకు జరిగే తలుపు పెట్టించండి. గడియ బయటి నుంచి కూడా నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయగలిగేది ఉండాలి. అలాంటివి ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. పెద్దవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఇంట్లో మనవాళ్లే ఉన్నప్పుడు గడియ పెట్టుకోకండి. మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. "బేడం పెట్టకుంటే తానం జేసినట్టే ఉండది" అంటుంది. అందుకే గడియ మార్చాను, అమ్మ అలవాటు జోలికి పోలేదు.

ఇక కడ్డీ. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, తప్పులన్నీ జరిగేది ఇక్కడే. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, లావు ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళాలు. గుప్పిట పూర్తిగా మూసుకోవాలి, వేళ్లు వెనక్కి రావాలి. గోడకూ కడ్డీకీ మధ్య ఒకటిన్నర అంగుళం సందు చాలు. అంతకంటే ఎక్కువైతే జారినప్పుడు మోచెయ్యి అందులో ఇరుక్కుని విరిగే ప్రమాదం ఉంది. మన ఇళ్లలో బాత్రూమ్ గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాల అడ్డగోడలు, ఒక్క వరస ఇటుక. టైల్‌కు కన్నం పెట్టి మామూలు స్క్రూ బిగిస్తే అది మా ఇంటి టవల్ రాడ్డులాగే ఊడి వస్తుంది. యాంకర్ బోల్టులు వేయాలి. గోడ మరీ బలహీనంగా ఉంటే బోల్టును అవతలి గదిలోకి దూర్చి, అటువైపు ఒక ఇనప పలక పెట్టి బిగించాలి. బిగించాక ముందు మేస్త్రీనే దానికి వేలాడమనండి. అతను వెనకాడితే ఆ కడ్డీ పనికిరాదు.

ఎంత ఎత్తులో పెట్టాలి? పుస్తకాల్లో కొలతలున్నాయి. కానీ పుస్తకం కొలత ఐదడుగుల మా అమ్మకూ ఐదడుగుల తొమ్మిదంగుళాల మా మామయ్యకూ ఒకటే ఎలా అవుతుంది? ఆ సంగతి నాకు నేర్పింది మా పాలమూరు మేస్త్రీ. నేను టేపు పట్టుకుని గోడ మీద 33 అంగుళాల దగ్గర గుర్తు పెడుతుంటే, అతను మా అమ్మను పిలిచాడు. "పెద్దమ్మా, జర్రంత ముగ్గుపిండి తే" అన్నాడు. ఆవిడ చెయ్యి తడిపించి, అరచేతికి పిండి అద్దించాడు. "ఇగ నువ్వు రోజూ ఎట్ల లేస్తవో అట్ల లెవ్వు, ఎట్ల తిరుగుతవో అట్ల తిరుగు. గోడ నీ చేతికి యాడ అందుతదో ఆడ పెట్టు" అన్నాడు. అమ్మ కమోడ్ మీది నుంచి లేచింది, రెండడుగులు వేసింది, నీళ్ల బకెట్ దగ్గర వంగింది, తలుపు వైపు తిరిగింది. అయిపోయేసరికి గోడ మీద ఐదు తెల్లటి చేతి గుర్తులు. రెండు నేను అనుకున్న చోట ఉన్నాయి. మూడు నేను ఊహించనైనా ఊహించని చోట్ల ఉన్నాయి. అందులో ఒకటి తలుపు పక్కన నిలువుగా జారిన గుర్తు, అక్కడ అమ్మ ప్రతిసారీ చౌకట్టు పట్టుకుని గడప దాటుతుందని అప్పుడే తెలిసింది. ఆ ఐదు చోట్లా కొలిచి, ఒక ఎల్ ఆకారం కడ్డీ, రెండు నిలువు కడ్డీలు బిగించాం.

అంతకుముందు ఈ కడ్డీలకు అమ్మ ససేమిరా అంది. "నాకేమైందని గివన్నీ పెడ్తున్నవ్ బిడ్డా? ఇంటికొచ్చినోళ్లు సూస్తె ఏమనుకుంటరు, ఇంట్ల రోగిష్టిది ఉన్నదనుకోరా?" అని అడిగింది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. అది మొండితనం కాదు. ఈ ఇంటికి యజమానురాలు తను. ఆ ఇంటి గోడ మీద ఆస్పత్రి గుర్తు ఒకటి పడుతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. పిల్లలు అమెరికా నుంచి వచ్చి, పది రోజుల సెలవులో, అడగకుండా ఇల్లంతా మార్చేసి వెళ్లడం నేను చూశాను. మంచి మనసుతోనే చేస్తారు. కానీ పెద్దవాళ్లు ఆ ఇంట్లో చుట్టాల్లా అయిపోతారు, ఏ గిన్నె ఎక్కడుందో వెతుక్కుంటారు. ముగ్గుపిండి చేతికి అద్దుకున్నాక మా అమ్మ మళ్లీ కాదనలేదు. కడ్డీ ఎక్కడ ఉండాలో చెప్పింది తనే కదా.

కమోడ్ గురించి ఒక్క మాట. పాత ఇళ్లలో ఇండియన్ లెట్రిన్‌లే ఉంటాయి, మోకాళ్లు సహకరించని వయసులో అవి కష్టం. మార్చేటప్పుడు కమోడ్ ఎత్తు నేల నుంచి 18 అంగుళాల దగ్గర ఉండేలా చూడండి, కింద చిన్న దిమ్మె కట్టిస్తే సరి. అలాగే స్నానానికి అరచెయ్యంత ఎత్తు పీట మీద కూర్చునే అలవాటు మానిపించి, కాళ్లకు రబ్బరు ఉన్న ఎత్తు స్టూలు, చేత్తో పట్టుకునే షవర్ ఇవ్వండి. మంచం ఎత్తు కూడా అంతే, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి.

గడప దగ్గరికి వస్తాను. ఇది మన ఇళ్లలో సున్నితమైన విషయం. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే సింహద్వారం గడపను తీసేయమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. దానికి రెండువైపులా చెక్కతోనో సిమెంటుతోనో సన్నటి వాలు పెడితే సరిపోతుంది, కాలి వేలు తగలదు, చక్రం కూడా ఎక్కుతుంది. అసలు చిక్కు లోపలి తలుపులకు ఉన్న గడపలతో. పడకగదికి ఒకటి, వంటింటికి ఒకటి, నీళ్లు బయటికి రాకుండా బాత్రూమ్‌కి మూడంగుళాల కట్ట. వాటిని తీయించొచ్చు, బాత్రూమ్ నేల వాలు సరిచేసి తలుపు దగ్గరే నీళ్లు పోయే జాలీ పెట్టించొచ్చు. ఒక సంగతి గమనించాను. పసుపు రాసిన పెద్ద గడప తట్టుకుని పడ్డవాళ్లు నాకు ఎక్కువగా కనబడలేదు. నేల రంగులోనే కలిసిపోయిన లోపలి గడపలే పడేశాయి. పసుపు రంగు మసక కంటికి కూడా కనిపిస్తుంది. మన పెద్దలు గడపకు ఇచ్చిన ఆ రంగునే మెట్ల అంచులకు కూడా ఇవ్వండి. ప్రతి మెట్టు చివరా రెండంగుళాల పసుపు పట్టీ, పెయింటయినా సరే, టేపయినా సరే.

మెట్ల సంగతి ఇంకొంచెం ఉంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించొద్దంటుంది. మించిన ఇళ్లు చాలానే ఉన్నాయి. కానీ ఎత్తు కంటే ప్రమాదకరమైంది ఎత్తుల్లో తేడా. ముందు మెట్లు కాంక్రీటుతో పోస్తాం. ఏడాది తర్వాత కింద హాల్లో మార్బుల్ వేస్తాం, పైన టైల్స్ వేస్తాం. దాంతో మొదటి మెట్టు రెండంగుళాలు కురచ అవుతుంది, ఆఖరిది రెండంగుళాలు పొడుగు అవుతుంది. కాలు ఒక లెక్కకు అలవాటు పడుతుంది. పది మెట్లు ఒక లెక్కలో దిగి, పదకొండోది తేడా వస్తే తూలుతుంది. మీ ఇంట్లో ఎవరైనా మెట్ల మీద పడి ఉంటే గుర్తు చేసుకోండి, మొదటి మెట్టు దగ్గరో ఆఖరి మెట్టు దగ్గరో అయి ఉంటుంది. ఒక స్కేలు తీసుకుని ప్రతి మెట్టూ కొలవండి. రెండోవైపు కూడా కడ్డీ పెట్టించండి. ఎక్కేటప్పుడు కుడిచేతికి ఉన్న కడ్డీ దిగేటప్పుడు ఎడమచేతికి వస్తుంది, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పట్టు తప్పినవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది.

వాకిలి మెట్ల బదులు ర్యాంపు వేయమని చాలామంది అడుగుతారు. ర్యాంపుకు ఒక లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీ ఇంటి పునాది రెండడుగుల ఎత్తుంటే ఇరవై నాలుగు అడుగులు. 200 గజాల ఇంట్లో అంత చోటు ముందువైపు ఉండదు, పక్క సందులోంచి మలుపు తిప్పి తేవాలి. చోటు లేక ఆరడుగుల్లో నిటారుగా వేసిన ర్యాంపు మెట్ల కంటే ప్రమాదం. అది కారుకే పనికొస్తుంది, ఇంజను ఉంది కనుక. చోటు లేనివాళ్లు ఏడంగుళాల మెట్లు నాలుగు తీసేసి, నాలుగంగుళాల మెట్లు ఏడు, ఒక్కోటి వెడల్పుగా, రెండువైపులా కడ్డీతో కట్టించుకోండి. మా ఇంట్లో అదే చేశాం.

పై అంతస్తులో ఉండే పెద్దవాళ్లను కిందికి మార్చమని సాధారణంగా సలహా ఇస్తారు, నేనూ ఇస్తాను. కానీ మన ప్రాంతంలో దానికి ఒక మినహాయింపు ఉంది. 2020 అక్టోబరు వానలు మరిచిపోయారా? సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో, నాగోలు వైపు ఇళ్లలో రాత్రికి రాత్రి కింది అంతస్తుల్లోకి నీళ్లొచ్చాయి. నడవలేని మనిషి కింది గదిలో మంచం మీద ఉంటే ఆ చీకట్లో పైకి చేర్చేది ఎవరు? మీ ఇల్లు పల్లంలో ఉంటే, ఒకసారి నీళ్లొచ్చిన ఇల్లయితే, పెద్దవాళ్ల గది పైనే ఉంచి మెట్లను బాగుచేయడం మేలు. చోటూ స్తోమతా ఉంటే చిన్న లిఫ్టు పెట్టించుకోవచ్చు. ఒకరి ఇంటికి సరిపడ్డ సలహా పక్క వీధిలో ఇంటికి సరిపడకపోవచ్చు, అందుకే ఇల్లు చూడకుండా సలహా చెప్పేవాళ్లను నమ్మకండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఒక్క పని చేయండి. మీ లిఫ్టు లోపలి కొలతలు తీసుకోండి. చాలావాటిలో స్ట్రెచర్ పట్టదు. 108 వాళ్లు వచ్చినా మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోయాల్సిందే. ఆ మోసే కుర్చీ ఒకటి అసోసియేషన్ కొని కింద పెట్టుకోవచ్చు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో అంత ఎత్తుకు మా అమ్మ లిఫ్టులో హాయిగా వెళ్లొస్తుంది. అదే లిఫ్టు లేని చుట్టాలింటికి వెళ్తే మూడో అంతస్తు ఎక్కలేక కిందే నిలబడి మాట్లాడి వచ్చేస్తుంది.

వెలుగు గురించి తక్కువ మంది ఆలోచిస్తారు. ఇరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి చేరేది దాదాపు మూడో వంతే. మనకు సరిపోయిన బల్బు వాళ్లకు చీకటి. రాత్రి రెండింటికి లేచినప్పుడు స్విచ్చి గదికి అవతలి మూలన, ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడిదాకా చీకట్లో నడిచి వెళ్లి లైటు వేయాలి. మంచం పక్కన చెయ్యి చాపితే అందేలా ఒక స్విచ్చి దింపించండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా గోడ కింది అంచున మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు రెండు పెట్టించండి. బాత్రూమ్ బల్బును ఇన్వర్టర్ లైనుకు కలపండి. చాలా ఇళ్లలో టీవీకి ఇన్వర్టర్ కనెక్షన్ ఉంటుంది, బాత్రూమ్‌కి ఉండదు.

అటక మీద ఇత్తడి బిందెలు, ఊరగాయ జాడీలు. పండగొస్తే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కి దింపుతారు. రోజూ వాడేవన్నీ నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులోకి దింపేయండి, ఒక మధ్యాహ్నం పని.

ఇలాంటి మార్పులకు ప్రభుత్వమే సాయం చేసే దేశాలున్నాయి. జపాన్‌లో 2000వ సంవత్సరంలో వృద్ధుల సంరక్షణ బీమా మొదలుపెట్టారు. అందులో ఇంట్లో కడ్డీలు, జారని నేల, గడపలు తీయడం వంటి మార్పులకు రెండు లక్షల యెన్‌ల దాకా ఖర్చు లెక్కలోకి వస్తుంది. సింగపూర్ ప్రభుత్వం 2012 నుంచి తన ఫ్లాట్లలో పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఇవే పనులు రాయితీ మీద చేయిస్తోంది. ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇంకుడు గుంత ఉందా అని మన దగ్గర అడుగుతారు. కనీసం ఒక బాత్రూమ్ తలుపు మూడడుగుల వెడల్పు ఉందా అని కూడా అడిగే రోజు రావాలి. దానికి అదనంగా అయ్యేది కాస్త చెక్క, కాస్త ప్లైవుడ్. గోడ కట్టకముందు అది ఒక గీత మాత్రమే. కట్టాక చౌకట్టు ఊడబెరకాలి.

ఒంటరిగా ఉంటున్న పెద్దలు ఒక నంబరు రాసుకోండి. 14567. ఇది వయోవృద్ధుల కోసం దేశమంతా పనిచేసే ఎల్డర్ లైన్. తెలుగులో మాట్లాడవచ్చు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

నిరుడు ఎండాకాలం మా ఎదురింటావిడ మా ఇంటికి వచ్చింది. టీచరుగా పనిచేసి రిటైరయింది, భర్త పోయారు, కూతురు డల్లాస్‌లో. అమ్మ బాత్రూమ్ చూసి వెళ్లి, వారం రోజులు ఆలోచించి, మేస్త్రీని పిలిపించమంది. పాలమూరు మేస్త్రీ డ్రిల్లు సంచితో వచ్చాడు. ఆవిడ మొహమాటపడుతూ, నాకింకా అంత అవసరం రాలేదేమో వదినా, వచ్చే ఏడు చూద్దామా అంది. మా అమ్మ వాకర్ పక్కకు పెట్టి, వాళ్ల బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడి, "వచ్చినంక పెట్టుడు గాదు వదినా, రాకముందే పెట్టుకోవాలె. చెయ్యి తడుపుకో" అంది. ముగ్గుపిండి గిన్నె తనే తెచ్చింది.

ఆవిడ అరచేతికి పిండి అద్దుకుని, కమోడ్ మీద కూర్చుని, మెల్లగా లేచింది. మేస్త్రీ ఆ తెల్లటి గుర్తు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, డ్రిల్లు ప్లగ్గు పెట్టడానికి బోర్డు ఎక్కడని అడిగాడు.